కోటు లోపల ఏముంది? ఇంట్లో బ్లేజర్ కుట్టే దారులపై ఒక సమీక్ష

తెలుగిళ్లలో కుట్టు మిషన్ చేయని పని దాదాపు లేదు. జాకెట్లు, లంగాలు, గౌన్లు, చుడీదార్లు, దిండు గలీబులు, చీరల ఫాల్స్ అన్నీ దాని మీదే అయిపోతాయి. కోటు మాత్రం గడప దాటి దర్జీ దగ్గరికే వెళ్తుంది. పెళ్లికొడుకు రిసెప్షన్ సూటైనా, వకీలు నల్లకోటైనా ఇంట్లో కుట్టుకున్నారన్న మాట అరుదుగా వినిపిస్తుంది. జాకెట్టుకు చంక గుండ్రం ముడత పడకుండా చెయ్యి అతికించగల మనిషి, కటోరి కట్ నాలుగు ముక్కల్ని మిల్లీమీటరు తేడా లేకుండా కలపగల మనిషి కూడా బ్లేజర్ అనగానే వెనక్కి తగ్గుతారు.

ఆ వెనుకంజకు కారణం మిషన్ కాదు. 1930ల నుంచి మన దేశంలో తయారవుతున్న ఉషా లాంటి కాలి మిషన్ తిన్నని కుట్టు తప్ప మరేదీ వేయలేకపోయినా బ్లేజర్‌కు సరిపోతుంది. లోపలి అంచులన్నీ లైనింగ్ కింద దాగుతాయి కాబట్టి ఓవర్‌లాక్ అక్కర్లేదు. మంచి కోటుకు కాజాలు చేత్తోనే వేస్తారు కాబట్టి కాజా మిషన్ కూడా అక్కర్లేదు. పైకి కనిపించే కుట్టు పని చూస్తే, లైనింగ్ వేసిన పట్టు జాకెట్టు కుట్టడం కన్నా అది మరీ కష్టమేమీ కాదు.

కష్టం లోపల ఉంది. బ్లేజర్ ఆకారాన్ని పై బట్ట ఒక్కటే నిలబెట్టలేదు. పై బట్టకూ లైనింగుకూ మధ్య కంటికి కనిపించని మరో కోటు ఉంటుంది: కాన్వాస్, ఛాతీ దగ్గర అదనపు పొర, భుజం ప్యాడు, చేతి పైభాగంలో సన్నని దూది పట్టీ, అంచుల వెంట నాడా టేపు. ఇంట్లో బ్లేజర్ కుట్టడం గురించి ఇప్పటిదాకా వచ్చిన పుస్తకాలు, పద్ధతులు, వాదాలు అన్నీ చివరికి ఒక్క ప్రశ్న చుట్టే తిరుగుతాయి. ఆ లోపలి కోటును ఎలా కట్టాలి? దానికి నాలుగు ప్రధానమైన జవాబులున్నాయి. ఒక్కోదాని బలం, బలహీనత చూసే ముందు, ఈ పని దర్జీ బల్ల మీది నుంచి ఇంటికి ఎలా చేరిందో తెలుసుకోవాలి.

బల్ల మీది నుంచి ఇంటికి

ఇంటి కుట్టుకు కాగితం నమూనాలు రావడం మొదటి మలుపు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం స్టెర్లింగ్ ఊళ్లో దర్జీ ఎబినీజర్ బటరిక్ 1863లో వేర్వేరు సైజుల్లో కాగితం నమూనాలు అమ్మడం మొదలుపెట్టాడు. ఆయన తొలి నమూనాలు మగవాళ్లవీ మగపిల్లలవీ. ఆడవాళ్ల బట్టల నమూనాలు తర్వాత వచ్చాయి. జర్మనీలో ఆన్నె బుర్దా 1950లో పత్రిక ప్రారంభించి, 1952 నుంచి దాంతో పాటు నమూనాల కాగితాన్ని కూడా ఇచ్చింది. ఈ రెండూ కోట్ల మంది ఇళ్లలో కత్తెర కదిలేలా చేశాయి.

అయితే కాగితం నమూనా కోటు రూపురేఖల్ని ఇస్తుంది గాని, లోపలి పనిని నేర్పదు. ఆ పని గురువు పక్కన కూర్చుని నేర్చుకోవలసిందే. లండన్‌లో దర్జీల వీధి సవిల్ రోలో ఇప్పటికీ కొలిచి కత్తిరించే మనిషి వేరు, కోటు కుట్టే మనిషి వేరు, ప్యాంటు కుట్టే మనిషి వేరు. అక్కడ ఒక సూటు మీద కనీసం 50 గంటల చేతిపని ఉంటుందని చెబుతారు. అంత పని అన్ని చేతుల మధ్య పంచుకున్న చోట, మొత్తం పనిని ఒకరికే చెప్పే పుస్తకం పుట్టడానికి చాలాకాలం పట్టింది.

ఆ లోటును తీర్చినవాటిలో మూడు పుస్తకాలు ముఖ్యం. రాబర్టో కబ్రేరా, ప్యాట్రీషియా ఫ్లాహర్టీ మేయర్స్ కలిసి 1983లో మగవాళ్ల కోటు మీద, మరుసటి ఏడాది ఆడవాళ్ల కోటు మీద తెచ్చిన 'క్లాసిక్ టైలరింగ్ టెక్నిక్స్' చేతి పద్ధతిని మొదటి గీత నుంచి చివరి గుండీ దాకా వరసగా చూపింది. సింగర్ సంస్థ కుట్టు గ్రంథమాలలో 1988లో వచ్చిన 'టైలరింగ్' చేతి పద్ధతి, మిషన్ పద్ధతి, ఇస్త్రీతో అతికించే పద్ధతి మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఏది కావాలో కుట్టేవారినే ఎంచుకోమంది. క్లేర్ షెఫర్ 1993లో రాసిన 'కూట్యూర్ సూయింగ్ టెక్నిక్స్' పారిస్ ఫ్యాషన్ సంస్థల్లో చేతికుట్టు ఎలా సాగుతుందో విడమరిచింది. వీటికి తోడుగా, సొంత కొలతలతో నమూనా గీసుకోవాలనుకునేవారికి వినిఫ్రెడ్ ఆల్డ్రిచ్ పుస్తకాలు దొరికాయి.

ఈ పుస్తకాల విలువ తక్కువది కాదు. కాకపోతే అవన్నీ ప్రధానంగా చలి దేశపు ఉన్ని బట్టను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఆవిరికి ఉన్ని కుంచించుకుంటుంది, లాగితే సాగుతుంది, చల్లారాక ఆ ఆకారంలోనే ఉండిపోతుంది. నూలుకూ నారకూ ఆ గుణం లేదు. ఏప్రిల్ నెలలో విజయవాడలో వేసుకునే కోటుకు ఆ పుస్తకాల్లోని ప్రతి సలహా పనికిరాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకుని నాలుగు దారులనూ చూడాలి.

మొదటి దారి: కాన్వాస్, సూది, ఓపిక

పాతకాలపు పద్ధతిలో ముందు భాగం లోపల భుజం నుంచి కింది అంచు దాకా కాన్వాస్ ఉంటుంది. నూలు లేదా ఉన్ని పడుగులో మేక వెంట్రుకో గుర్రపు వెంట్రుకో పేకగా నేసిన బట్ట అది. నలిపి వదిలితే మళ్లీ పైకి లేస్తుంది. దాన్ని పై బట్టకు జిగురుతో అతికించరు. కచ్చా కుట్లతో, ప్యాడ్ కుట్లతో వదులుగా పట్టి ఉంచుతారు. అందువల్ల రెండు పొరలూ ఒకదాని మీద ఒకటి కొంచెం జరుగుతాయి. ఒంటి మీద కోటు కదలిక సహజంగా ఉండటానికి కారణం ఈ జరుగుబాటే.

దగ్గరుండి చూడవలసిన పని లాపెల్ దగ్గర ఉంది. ఛాతీ మీద వెనక్కి మడత పడే ఆ భాగాన్ని ఎడమచేతి చూపుడు వేలి మీద, కాన్వాస్ పైకి వచ్చేలా వంచి పట్టుకుంటారు. సూదిని కాన్వాస్‌లోంచి దించి, కింది బట్టలో ఒకే ఒక్క పోగును అందుకుని పైకి తీస్తారు. సెంటీమీటరు దూరంలో మళ్లీ అదే. వరస తర్వాత వరస, మడత గీత నుంచి అంచు వైపు సాగుతుంది. లాపెల్ కొస దగ్గరికి వచ్చేసరికి కుట్లు అరసెంటీమీటరుకు తగ్గుతాయి. వంపులో బయటి పొరకు దారి ఎక్కువ, లోపలి పొరకు తక్కువ. ఆ తేడాను ఈ వందల ప్యాడ్ కుట్లు కలిసి అక్కడే బంధించేస్తాయి. పని ముగిసి చెయ్యి తీసేశాక కూడా లాపెల్ బల్ల మీద చదునుగా పడుకోదు, ఛాతీ వైపు తనంతట తానే ఒంగుతుంది. ఇస్త్రీతో తెచ్చిన మడత వానకో చెమటకో పోవచ్చు. ఈ ఒంపు పోదు.

లాపెల్ మడత గీత పక్కనే, ఒంటి వైపు, ఒక నాడా టేపు వేస్తారు. గీత పొడవు కన్నా టేపును 6 నుంచి 10 మిల్లీమీటర్లు తక్కువగా కత్తిరించి, ఆ తేడాను బట్టలో సర్దుతూ కుడతారు. వంగినప్పుడు కోటు ముందుభాగం ఛాతీకి దూరంగా నోరు తెరవకుండా ఆపేది ఆ చిన్న తేడానే. ఛాతీ నిండుగా ఉన్న ఆడవాళ్ల కోట్లలో దీని అవసరం ఇంకా ఎక్కువ.

హైదరాబాదులో షేర్వానీలు కుట్టే దర్జీలకు ఈ పని కొత్తదేమీ కాదు. షేర్వానీకి లాపెల్ లేకపోయినా నిలువు కాలరుకూ ఛాతీకీ బలం ఇచ్చేది లోపలి కాన్వాసే. కోటు పని నేర్చుకోవాలనుకునే తెలుగువారికి దగ్గర్లో ఉన్న బడి అదే.

ఈ దారిని సమర్థించేవారి మాటలో బలముంది. కాన్వాస్ కోటు ఏళ్లు గడిచేకొద్దీ వేసుకునేవారి ఒంటికి ఒదుగుతుంది, మరమ్మతుకు విప్పితే విడిపోతుంది, మళ్లీ కుట్టించుకుంటుంది. లోపం కూడా స్పష్టమే: సమయం బాగా పడుతుంది, బరువు పెరుగుతుంది, పలచని నూలు బట్ట మీద కాన్వాస్ గట్టితనం పైకి కనిపిస్తుంది.

రెండో దారి: ఇస్త్రీతో అతికే పొర

కాలరు బక్రాన్ని చొక్కాకు ఇస్త్రీతో అతికించడం తెలిసిన ప్రతివారికీ ఈ పద్ధతి సగం తెలిసినట్టే. నేయని బట్టను లోపలి పొరగా వాడే ఆలోచనను జర్మనీలోని వైన్‌హైమ్‌కు చెందిన ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థ 1948లో ఫ్లీజెలైన్ పేరుతో మార్కెట్‌లోకి తెచ్చింది. 1960ల నుంచి వేడికి కరిగే జిగురు చుక్కలున్న పొరలు ఫ్యాక్టరీల్లోకి వచ్చాయి. రెడీమేడ్ కోట్ల ధర జనానికి అందుబాటులోకి రావడానికి అవి ప్రధాన కారణం.

దుకాణంలో వేలాడే కోటు ఏ రకమో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కింది గుండీకి కాస్త దిగువన పై బట్టను ఒక చేత్తో, లోపలి వైపు బట్టను ఇంకో చేత్తో చిటికెతో పట్టి విడదీయాలి. రెంటి మధ్య మూడో పొర ఒకటి విడిగా వేళ్లకు తగిలితే అందులో కాన్వాస్ ఉన్నట్టు. పై బట్టే మందంగా, బిరుసుగా అనిపిస్తే కనీసం ఆ కింది భాగం అతికించినదే.

ఇంట్లో ఈ పద్ధతి పాడయ్యేది ఇస్త్రీ దగ్గరే. ఫ్యాక్టరీ ప్రెస్సు వేడిని, ఒత్తిడిని, సమయాన్ని బట్ట అంతటా ఒకేలా ఇస్తుంది. ఇంటి ఇస్త్రీ పెట్టెకు అది చేతకాదు. అది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తగిలి జిగురు సగమే పడుతుంది. కొన్ని ఉతుకులకో డ్రైక్లీనింగులకో ఛాతీ మీద చిన్న చిన్న బుడగలు లేస్తాయి. ఒకసారి లేచిన బుడగలను అణచడం దాదాపు అసాధ్యం. దీనికి మూడు జాగ్రత్తలు ఉన్నాయి. ఒకటి, పై బట్టనూ అతికే బట్టనూ ముందే తడిపో ఆవిరి పట్టో కుదించాలి. రెండు, ఇస్త్రీ పెట్టెను తోయకుండా ఒకచోట గట్టిగా నొక్కి 10 నుంచి 15 సెకన్లు ఉంచి, ఎత్తి, పక్కచోట పెట్టాలి. మూడు, పూర్తిగా చల్లారేదాకా ఆ ముక్కను కదపకూడదు. జిగురు గట్టిపడేది చల్లారేటప్పుడే. అన్నిటికన్నా ముందు ఒక పీలిక మీద పరీక్షించి చూడాలి. ఈ నాలుగో పనిని దాటేసినవారే ఎక్కువగా దెబ్బతింటారు.

ఈ దారిని చిన్నచూపు చూడటం తగదు. మంచి నేత అతుకుబట్టను సరిగ్గా అతికించిన కోటు, సగం తెలిసి తొందరగా కుట్టిన కాన్వాస్ కోటు కన్నా చాలా మెరుగ్గా ఉంటుంది. మొదటిసారి కుట్టేవారికి కాలరు, జేబులు, చేతుల పని మీద దృష్టి పెట్టే వీలు ఇస్తుంది.

మూడో దారి: రెండిటి కలయిక

నడిమి దారిలో కాన్వాస్ భుజం నుంచి ఛాతీ కింది దాకా, లాపెల్‌లో మాత్రమే ఉంటుంది. నడుము నుంచి కిందికి పలచని అతుకుబట్ట సరిపోతుంది. ప్యాడ్ కుట్లు లాపెల్‌కూ కాలరుకూ చేత్తో వేస్తారు. సింగర్ పుస్తకం చూపిన మిషన్ పద్ధతి కూడా ఈ కోవలోదే: కాన్వాస్‌ను మిషన్ కుట్టుతో వరసలుగా కుట్టేస్తారు. కుట్లు కాస్త బిరుసుగా వస్తాయి గాని రోజువారీ కోటుకు సరిపోతాయి.

ఈ పద్ధతిలో మంచి ఏమిటంటే, చేతి కష్టం ఎక్కడ కంటికి కనిపిస్తుందో అక్కడే ఖర్చవుతుంది. లాపెల్ ఒంపు, కాలరు మెడను పట్టుకునే తీరు, ఛాతీ నిండుదనం: చూసేవారి కళ్లు ఆగేది ఈ మూడింటి దగ్గరే. కింది అంచు దాకా కాన్వాస్ ఉందా లేదా అన్నది కోటు ఎంతకాలం నిలబడుతుందన్నదానికి సంబంధించిన విషయం.

నాలుగో దారి: లోపలిది తీసేయడం

కోటుకు అంత లోపలి సరంజామా అవసరమా అన్న ప్రశ్నకు ఇటలీ గట్టి జవాబే ఇచ్చింది. 1930లలో నేపుల్స్‌లో జెన్నారో రుబినాచ్చి దుకాణంలో పనిచేసిన విన్సెంజో అట్టోలిని కోటులోంచి భుజం ప్యాడ్లు తీసేసి, కాన్వాస్‌ను పలచబరిచి, చొక్కాలా ఒంటి మీద వాలే కోటు కత్తిరించాడు. వేడిగా ఉండే ఊరికి ఇంగ్లిష్ కోటు బరువు తగదన్న స్పృహ ఆ పనిలో ఉంది. 1970లలో జార్జియో అర్మాని ఆ మెత్తదనాన్ని రెడీమేడ్ దుస్తుల్లోకి తెచ్చి ప్రపంచమంతటా వ్యాపింపజేశాడు.

ఆడవాళ్ల కోట్లలో కోకో షనెల్ 1954లో తిరిగి పారిస్ రంగంలోకి వచ్చి మరో తీరు చూపింది. ఆమె జాకెట్‌లో కాన్వాస్‌కు బదులు పట్టు లైనింగును పై బట్టకు వరసలుగా కుట్టి రెండింటినీ ఒకటి చేస్తారు. లోపలి కింది అంచు వెంట సన్నని గొలుసు కుడతారు. కోటు ఒంటి మీద తిన్నగా వేలాడటానికి ఆ గొలుసు బరువే చాలు. క్లేర్ షెఫర్ ఆ పాత జాకెట్లను లోపలి నుంచి పరిశీలించి, ఇంట్లో కుట్టేవారికి ఆ పద్ధతిని పుస్తకాల రూపంలో అందించింది.

మెత్తని కోటు సులువైనదని అనుకోవడం పొరపాటు. లోపల దాచే పొరలు లేనప్పుడు కటింగ్‌లోని ప్రతి తప్పు బయటే ఉంటుంది. లైనింగ్ లేని చోట అంచులన్నీ క్రాస్ పట్టీతో చుట్టి శుభ్రంగా కుట్టాలి, అందుకు చాలా సమయం పడుతుంది. అయితే ఉక్కపోతకు దీన్ని మించిన జవాబు లేదు.

కొలత, ఆది, ట్రయల్

దారి ఏదైనా కోటు ఒంటికి కుదిరిందా లేదా అన్నది కత్తెర పెట్టకముందే తేలిపోతుంది. తెలుగు దర్జీ దగ్గర ఆది జాకెట్టు ఇచ్చి రావడం మనకు అలవాటు. పాత కోటును ఆదిగా పెట్టుకుంటే పొడవు, భుజం వెడల్పు, చేతి పొడవు తెలుస్తాయి. ఒక భుజం కిందికి వాలి ఉందా, వీపు కాస్త ముందుకు వంగి ఉందా అన్నవి మాత్రం ఆదిలో కనిపించవు. పాత కోటు ఆ విషయాల్లో అప్పటికే తప్పి ఉంటే ఆ తప్పే కొత్తదానికీ వస్తుంది.

ఛాతీ కొలత నుంచి మిగతావన్నీ లెక్కగట్టే నమూనా పద్ధతులు సగటు మగ ఒంటికి బాగానే కుదురుతాయి. ఛాతీ నిండుగా, భుజాలు సన్నగా ఉన్న స్త్రీకి అదే లెక్కతో గీస్తే భుజం కిందికి జారుతుంది. భుజం వెడల్పును, వీపు వెడల్పును విడిగా కొలిచి లెక్కను సరిచేయడం తప్ప మరో మార్గం లేదు. జాకెట్టు కుట్టే అలవాటు ఉన్నవారు ఇంకో మెలకువ పాటించాలి. జాకెట్టు ఒంటిని పట్టి ఉండాలి. కోటు కింద చొక్కా ఉంటుంది, చేతులు కదలాలి. మగవాళ్ల బ్లేజర్‌కు ఛాతీ చుట్టూ సుమారు 4 అంగుళాల వదులు ఇవ్వడం మామూలు.

ట్రయల్‌కు కోరా బట్ట చాలు. ముందు కోరాలో కుట్టి, వేసుకుని, ముడతలు చదవాలి. గుండీ దగ్గర నుంచి నాలుగు వైపులకూ ముడతలు లాగితే నడుము బిగుతు. వెనక కాలరు కింద అడ్డంగా మడత నిలిస్తే భుజాలు నమూనా కన్నా చదునుగా ఉన్నట్టు. కాలరు మెడకు దూరంగా నిలబడితే వీపు పైభాగం కొలతో భుజం వాలో కుదరలేదు. ఖరీదైన బట్టను కోయకముందే వీటిని కోరా మీద పిన్నులతో సరిచేయవచ్చు. ట్రయల్ అవసరం లేదనే వాదన కొందరు చేస్తారు గాని, బ్లేజర్ విషయంలో అది నిలవదు. జేబులు కోశాక, కాన్వాస్ కుట్టాక దిద్దుబాటుకు మిగిలే చోటు చాలా తక్కువ. దర్జీలు పక్క కుట్లలో, వెనక నడిమి కుట్టులో అంగుళం బట్ట లోపల దాచి ఉంచేది కూడా ఈ భయంతోనే. ఇంట్లో కుట్టేవారు కూడా ఆ అంగుళాన్ని వదలకూడదు.

చంక గుండ్రం దగ్గర జరిగే తప్పు

కొత్తవారిని ఎక్కువగా తప్పుదారి పట్టించేది చంక. చెయ్యి ఎత్తితే కోటంతా పైకి లేస్తోందని చంక గుండ్రాన్ని ఇంకా కిందికి కోస్తారు. దానితో సమస్య ముదురుతుంది. చంక ఎంత కిందికి దిగితే చెయ్యి కోటు పక్క భాగాన్ని అంత ఎక్కువగా పట్టి లాగుతుంది. చంక పైకి ఉండి, చేతి గుడ్డ దానికి తగినట్టు ఉంటే చెయ్యి ఎత్తినా కోటు కదలదు. జాకెట్టు కుట్టేవారికి ఈ సూత్రం ముందే తెలుసు, కోటు దగ్గరికి వచ్చేసరికి ధైర్యం చాలదు.

బ్లేజర్ చెయ్యి రెండు ముక్కలది, మోచేతి దగ్గర ముందుకు ఒంగి ఉంటుంది. చేతి పై గుండ్రం చంక గుండ్రం కన్నా 3 నుంచి 5 సెంటీమీటర్లు పెద్దదిగా ఉండటం ఉన్నిలో మామూలు. ఆ ఎక్కువను మడత పడకుండా ఆవిరితో కుదించి లోపల సర్దుతారు. నూలు, లినెన్ బట్టలు అలా కుదించుకోవు. వాటిని కుట్టేటప్పుడు ఆ తేడాను నమూనాలోనే తగ్గించుకోవాలి. లేకపోతే భుజం మీద చిన్న చిన్న కుచ్చులు లేస్తాయి. మిషన్ మీద కుట్టే ముందు చేతిని కచ్చా కుట్టుతో పెట్టి, అద్దం ముందు నిలబడి చూడాలి. మనుషుల చేతులు నిటారుగా వేలాడవు, ఒక్కొక్కరివి ఒక్కో మేరకు ముందుకు ఉంటాయి. ముడత ముందు వైపు పడితే చేతిని కొద్దిగా తిప్పి మళ్లీ కచ్చా కుట్టు వేయాలి.

జేబులు, ఇస్త్రీ

కోసిన జేబు బ్లేజర్‌లో వెనక్కి తీసుకోలేని పని. రెండు సమాంతర కుట్ల మధ్య బట్టను కోసి, చివర చిన్న త్రిభుజాలు వదిలి, పట్టీలను లోపలికి తిప్పాలి. కత్తెర మొన ఒక పోగు ముందు ఆగితే మూల ముడత పడుతుంది, ఒక పోగు దాటితే చిరుగుతుంది. మొదటి బ్లేజర్‌కు అతికించే జేబులే మేలు. నేపుల్స్ కోట్లలోనూ, పల్లెటూరి వేటకోట్లలోనూ అవే ఉంటాయి కాబట్టి అందం విషయంలో లోటేమీ ఉండదు.

పుస్తకాలన్నీ ఏకీభవించే విషయం ఇస్త్రీ. ప్రతి కుట్టూ వేసిన వెంటనే ఇస్త్రీ పడాలి, అంచును తెరిచి, ఒంపున్న చోట ఒంపు మీదే. రంపపు పొట్టు కూరిన గట్టి దిండు లేకపోతే గట్టిగా చుట్టిన తువాలు పనికొస్తుంది. ఆవిరి పట్టిన అంచు మీద నున్నని చెక్క దిమ్మెను నొక్కి పట్టుకుంటే ఆవిరి చెక్కలోకి ఇంకి, అంచు పలచగా కత్తిలా నిలుస్తుంది. బొగ్గుల ఇస్త్రీ పెట్టె బరువు ఈ పనికి బాగా పనికొచ్చేది. నేటి తేలికైన పెట్టెలకు ఆ బరువును చేతి బలంతో తేవాలి. ఇస్త్రీకి గంటలు ఇవ్వని చోట ఎంత మంచి కాన్వాస్ కుట్టినా కోటు ఇంటి కోటుగానే కనిపిస్తుంది.

మన బట్టలు, మన ఎండ

మగవాళ్ల బ్లేజర్‌కు 58 అంగుళాల వెడల్పు సూటింగ్ సుమారు 2 నుంచి 2.25 మీటర్లు పడుతుంది. చేనేత బట్ట వెడల్పు తక్కువ కాబట్టి మూడు మీటర్ల పైమాటే. పోచంపల్లి ఇక్కత్‌కైతే ఇంకా ఎక్కువ కొనాలి. రెండు లాపెల్స్ మీదా బొమ్మ ఒకే ఎత్తులో రావాలి, జేబు గుడ్డ వెనకున్న బొమ్మతో కలవాలి. ఇక్కత్ అంచులు సహజంగానే కొద్దిగా చెదిరి ఉంటాయి కాబట్టి మిల్లు గీతల బట్టంత ఖచ్చితంగా కలవకపోయినా కంటికి ఇబ్బంది ఉండదు. మంగళగిరి నూలు నేత దట్టంగా ఉంటుంది, లైనింగ్ లేని మెత్తని కోటుకు చక్కగా సరిపోతుంది. పొందూరు ఖద్దరు సన్నని నూలుతో నేసింది. దాని వెనక మరో పలచని నూలు బట్టను పరిచి, రెంటినీ ఒక్క బట్టగా కుట్టుకుంటేనే కోటు బరువు మోస్తుంది. నూలు ఏదైనా కోసే ముందు తడిపి ఆరబెట్టడం తప్పనిసరి.

లైనింగ్ విషయంలో తెలుగు వాతావరణం పుస్తకాలతో విభేదిస్తుంది. పాలిస్టర్ లైనింగ్ చెమటకు ఒంటికి అంటుకుంటుంది. విస్కోస్ లైనింగ్ మేలు. వీపు కింది భాగం లైనింగ్ లేకుండా వదిలేసినా తప్పు లేదు. చేతుల్లో మాత్రం జారే లైనింగ్ ఉండాలి, లేకపోతే చొక్కా చెయ్యి లోపల ఇరుక్కుంటుంది. కోర్టుల్లో నల్లకోటు వేసుకునేవారి బాధ అందరికన్నా ఎక్కువ. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప మిగతా కోర్టుల్లో వేసవిలో నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నిబంధనలే చెబుతున్నాయి. మిగతా నెలల్లోనూ, హైకోర్టుల్లోనూ వేసుకునేవారికి సగం లైనింగ్, పలచని కాన్వాస్ ఉన్న కోటు నిజమైన ఊరట. చీర మీద కోటు వేసుకునే మహిళా న్యాయవాదికి పల్లూ మడతల మందం ఎడమ భుజం మీద కలుస్తుంది. ఆ మందాన్ని లెక్కలోకి తీసుకుని రెండు భుజాలనూ వేర్వేరుగా కత్తిరించగలిగేది సొంత కొలతలతో కుట్టే చోటే.

తేలేది ఏమిటి?

డబ్బు మిగులుతుందని ఇంట్లో బ్లేజర్ కుట్టమని ఎవరూ సలహా ఇవ్వలేరు. గంటల్ని లెక్కలో వేస్తే రెడీమేడే చవక. రెడీమేడ్ ఎవరి ఒంటికి కుదరదో వారికే ఇంటి కోటు విలువ తెలుస్తుంది: ఒక భుజం వాలినవారు, పొట్టిగా ఉండి పెద్ద ఛాతీ ఉన్నవారు, రోజంతా చక్రాల కుర్చీలో కూర్చునేవారు. కూర్చున్న ఒంటికి వెనకభాగం పొట్టిగా, చంకలకు కదలిక ఇచ్చేలా కత్తిరించిన కోటు ఏ హ్యాంగరు మీదా సులువుగా దొరకదు.

నాలుగు దారుల్లో ఏదో ఒకటే సరైనదని చెప్పడం బట్టనూ వాతావరణాన్నీ విస్మరించడమే. ఉన్ని సూటింగ్‌కు, పెళ్లికీ చలిదేశ ప్రయాణానికీ పనికొచ్చే కోటుకు సగం కాన్వాస్ దారి బాగా కుదురుతుంది. రోజువారీ ఆఫీసు కోటుకు, మొదటి ప్రయత్నానికి నేత అతుకుబట్ట చాలు. మంగళగిరి, లినెన్ లాంటి నూలు, నార బట్టలకు కాన్వాస్ లేని మెత్తని కోటే తగింది. పూర్తి చేతి కాన్వాస్ మాత్రం పై మూడూ చేతికి వచ్చాక, మంచి ఉన్ని బట్ట మీద పెట్టుకోవలసిన పని.

ఆ క్రమంలో వెళ్లేవారికి తొలి కోటు మంగళగిరి నూలుతో, అతికించే జేబులతో, ఒంటికి లైనింగ్ లేకుండా కుట్టుకోవడం తగిన ఆరంభం. అందులో ట్రయల్, చంక, చెయ్యి, ఇస్త్రీ నేర్చుకోవచ్చు. రెండో కోటుకు లాపెల్‌లో, ఛాతీలో కాన్వాస్ పెట్టి ప్యాడ్ కుట్టు, మూడోదానికి ఉన్ని, కోసిన జేబులు. చేతి కాజాలను ఆ మూడు కోట్లలోనూ చివరికి వదిలి, అదే బట్ట పీలిక మీద ముందు వేసి చూసుకుంటే మంచిది. కాజా ముందుభాగంలో, గుండీ ఎదుట, అందరి కళ్లూ పడే చోట ఉంటుంది. బట్ట కోశాక ఆ రంధ్రాన్ని మూయడం సాధ్యం కాదు.